బర్నబా మాస్టారి ఆకాశపు అంబలి

బర్నబా మాస్టారికి ఒక్కటే పిచ్చి. వేడి వస్తువు కంటబడితే చాలు, అందులో థర్మామీటరు ముంచి ఎన్ని ఫారన్‌హీటు డిగ్రీలో చూడనిదే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆ థర్మామీటరు జ్వరం చూసే బుల్లి గొట్టం కాదు, మూరెడు పొడవున్న గాజుపుల్ల. జేబులో పట్టదు, సంచిలో పెడితే విరుగుతుంది. అందుకని తలపాగాలో నిలువునా గుచ్చుకుని తిరిగేవారు. పనసగుడ ఊళ్లో ఇళ్ల చూరులన్నీ నడుమెత్తున ఉంటాయి. పుల్ల తగలకుండా ఆయన వంగే వంగుడు చూసి, కొత్తవాళ్లు తమకే దండం పెడుతున్నారనుకుని తిరిగి దండం పెట్టేవారు.

ఆయన భార్య ఆనందమ్మకి ఈ సంగతి పెళ్లినాడే తెలిసింది. బొబ్బిలిలో పెళ్లి. విందులో అత్తగారు కొత్త అల్లుడి ఆకులో సెగలు కక్కే పప్పుచారు పోసింది. పెళ్లికొడుకు తలపాగాలోంచి పుల్ల తీసి చారులో పెట్టాడు. పంక్తి మొత్తం నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని చూసింది.

"ఉప్పు సరిపోనాదా బాబూ?" అంది అత్తగారు భయం భయంగా.

"ఉప్పు సంగతి తెలీదండి. నూట నలభై ఉంది. వేడి మాత్రం దివ్యంగా ఉంది," అన్నాడు అల్లుడు.

ఆ రాత్రి ఆనందమ్మ తల్లి ఏడ్చింది. ఆనందమ్మ ఏడవలేదు. తాగి తన్నే మొగుడికన్నా చారు కొలిచే మొగుడు నయమనుకుంది. నాలుగు రోజుల్లో తగ్గిపోతుందిలే అని కూడా అనుకుంది. అక్కడే పొరబడింది.

తగ్గకపోగా అరకు లోయకి వచ్చాక అది ముదిరింది. డుంబ్రిగుడ దాటి కొండ మలుపు తిరిగితే పనసగుడ. అక్కడ మిషను వారి బడికి ఆయనే పంతులు, ఆయనే గంట కొట్టేవాడు. ఒకసారి క్రిస్మసు ముందు గెడ్డలో బాప్తీస్మం జరుగుతోంది. పాస్టరు గారు నడుంలోతు నీళ్లలో నిలబడి, గడగడ వణుకుతున్న సోంబరు అనే ఆసామి తల మీద చెయ్యి వేసి ముంచబోతున్నారు. అంతలో ఇద్దరి మధ్యనుంచీ గాజుపుల్ల దిగింది.

"అయ్యగారూ, యాభై రెండు! ఎండ ఎక్కనిచ్చి ముంచండి, ఆత్మకేమీ తొందరలేదు!"

సోంబరు ఆ మాట వినడమే తడవు, ఒడ్డెక్కి గొంగళి కప్పుకుని కూర్చున్నాడు. "మేస్టారు ముంచమన్నప్పుడే మునుగుతాను," అని భీష్మించుకున్నాడు. పాస్టరు గారు మాత్రం నీళ్లలోనే ఉండిపోయారు. ఆయనకి జలుబు ఈస్టరుదాకా తగ్గలేదు.

ఇంతకీ ఈ కొలతలన్నీ ఎందుకు? ఆకాశం కోసం. కాఫీ తోట దొర ఒకాయన సీమకి వెళ్లిపోతూ తన రేడియో పెట్టెనీ, ఒక అటకెడు ఇంగ్లీషు పత్రికల్నీ బర్నబా మాస్టారికి ఇచ్చిపోయాడు. పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది నాటి మాట ఇది. విశాఖపట్నంలోనే రేడియో అంటే ఏమిటో తెలిసినవాళ్లు అరుదు. పనసగుడలో మాత్రం బడి కప్పు నుంచి మంగ్లు కల్లు గీసే జీలుగు చెట్టుదాకా రాగితీగ వేలాడుతుండేది. ఆ పెట్టెకి దాణా అంటే బ్యాటరీలే. వాటిని ఊళ్లో సుక్రు అనేవాడు కావడిలో మోసుకుని, కొండ ఘాటీ దిగి విజయనగరం వెళ్లి నింపుకొచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ వాటిలోని యాసిడ్ వాడి పంచెకి కొత్త చిల్లు పెట్టేది. "నాను మొయ్యడం సరే, నా పంచి అది మేత్తన్నాది," అని మొత్తుకునేవాడు.

చెవికి పెట్టుకునే గొట్టాలు ఒక్క జతే ఉండేవి. ఊరంతా వినాలి గదా, అందుకని మాస్టారు వాటిని కంచుగిన్నెలో పెట్టేవారు. సందెవేళ జనం గిన్నె చుట్టూ మూగి తలలు వంచేవాళ్లు. గిన్నె అడుగునుంచి సన్నగా, దోమ పాడినట్టు పాట వినిపించేది.

"ఎవులున్నారీ గిన్నెలో?" అన్నాడు మొదటిరోజు గాసి.

"కలకత్తా!"

"అంత ఊరు ఇందులో ఎలాగ పట్టినాది?"

"ఊరు రాలేదు, పాటే వచ్చింది. ఎగిరొచ్చింది."

"మరి పగలేల రాదు?"

ఆ ప్రశ్న కోసమే మాస్టారు పుట్టినట్టున్నారు. తలపాగాలోంచి పుల్ల తీసి ఆకాశంవైపు చూపించి మొదలుపెట్టారు. ఎండ తగిలితే చాలా ఎత్తున ఉన్న గాలి చితుకుతుందట. చితికితే కంటికి కనబడని మెరుపు నలుసులు పుడతాయట. వాటిని ఎలక్ట్రానులంటారట. ఆ నలుసులన్నీ కలిసి పైన మిద్దెలాగా పొరలు కడతాయట. కలకత్తాలో పాడిన పాట పోయి ఆ మిద్దెకి కొట్టుకుని, తిరిగి మన జీలుగు చెట్టు మీద పడుతుందట. పగలు కింది పొర పాటని మింగేస్తుందట. పొద్దుగూకి చల్లబడితే కింది పొర మాయమై, పైదొక్కటే మిగులుతుందట.

"చలికాలంలో కలకత్తా గట్టిగా పాడతాది, వానల్లో మూలుగుతాది. అదేల?" అంది చిన్నమ్మి, గాసి పెళ్లాం.

"అదీ! అదే నేను కనిపెట్టాల్సింది! వేడికి పైగాలి పొంగి నలుసులు దూరదూరమై పొర పలచబడుతుంది. చలికి దగ్గరపడి చిక్కబడుతుంది. అని నా అనుమానం. తేల్చుకోవాలంటే పైకెళ్లి పుల్ల పెట్టి చూడాలి. నిచ్చెన చాలదు."

సుక్రు గడ్డం గోక్కున్నాడు. "అంబలి లాగన్నమాట. వేడిగుంటే జారుద్ది, సల్లారితే గట్టిపడద్ది."

మాస్టారు ఒక్క గెంతు గెంతి సుక్రుని కావలించుకున్నారు. ఆకాశం దొరక్కపోతేనేం, అంబలి దొరుకుతుంది! ఏ అంబలి ఎంత వేడి దగ్గర ఎంత చిక్కబడుతుందో లెక్క తేలితే ఆకాశం లెక్క అదే తేలుతుంది! ఆ మర్నాటినుంచి పనసగుడలో మాస్టారి పుల్ల దిగని అంబలి కుండ లేదు. రాగుల్ని చోళ్లంటారక్కడ. చోడి అంబలి, సామ జావ, మామిడి టెంకల పిండితో కాచే అంబలి, అన్నిట్లోనూ దిగింది. ఆడాళ్లు మొదట తెడ్డుతో తరిమారు. తర్వాత అలవాటు పడిపోయి, "మేస్టారూ, బేగి కొలుచుకో, గుంటలు ఆకలంతన్నారు," అని పిలిచి మరీ ముంచనిచ్చారు. ఊరివాళ్లు దేవుణ్ణయినా కలెక్టరునైనా నువ్వనే అంటారు. మాస్టారికీ అదే మర్యాద.

అదిగో, అప్పుడొచ్చారు ఇన్‌స్పెక్టరు స్తెఫను గారు. మిషను బళ్లన్నిటి మీదా పెద్దాయన. మాఘమాసం చలి. పొద్దున్నే తడక చాటున వేణ్నీళ్ల స్నానం చేస్తున్నారు. తలంతా సబ్బు, కళ్లు మూసుకున్నారు. ఆ సమయంలో తడక కొద్దిగా పక్కకి జరిగింది.

"నూట పదహారు! ఇంత వేడి పనికిరాదు సార్, చర్మం పొరలు పొరలుగా..."

"ఎవడ్రా అది!"

స్తెఫను గారు సబ్బు కళ్లతోనే చెంబు విసిరారు. అది గంటకి తగిలి బడి మొదలయింది. పిల్లలందరూ పరిగెత్తుకొచ్చి తువ్వాలులో ఉన్న ఇన్‌స్పెక్టరు గారికి వరసగా నిలబడి నమస్కారం చేశారు.

బయల్దేరే ముందు ఆయన గుర్రం మీదినుంచి వేలు చూపించి చెప్పారు. "బర్నబా, మళ్లీ నేనొచ్చేసరికి ఆ పుల్ల ఎవరి నీళ్లలోనైనా, ఎవరి కుండలోనైనా కనిపించిందా, ఆ రోజుతో నీ ఉద్యోగం సరి. పెట్టే బేడా సర్దుకుని కొండ దిగడమే."

ఆ మాట ఆనందమ్మ చెవిన పడింది. కొండ దిగి ఎక్కడికి పోతారు? బొబ్బిలిలో వాళ్లకంటూ ఇల్లు లేదు. ఇక్కడైతే బడి వెనక మడిచెక్క ఉంది, చోళ్లు పండుతాయి, ఊరు ఊరంతా మేస్టారమ్మా అని పిలుస్తుంది. అదీకాక ఈయన పోతే ఈ బడికి ఇంకో పంతులు వస్తాడని ఎవరూ నమ్మరు. ఆవిడ ఆ సాయంత్రమే పుల్లని తీసుకుపోయి కోళ్లగంపలో, పొదుగుతున్న పెట్ట కింద దాచింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు వెలిగిపోతున్న మొహంతో వంటింట్లోకి వచ్చారు. "ఆనందం, నీకో వింత తెలుసా? కోడిపెట్ట కడుపు కింద నూట ఆరు! మనిషికంటే ఎక్కువ! దానికి జ్వరమేమీ లేదు, అడిగి చూశాను."

"ఎవుల్నడిగారు?"

"పెట్టనే. కులాసాగా ఉంది."

ఆనందమ్మ తల పట్టుకుంది.

వానలొచ్చాయి. ఆషాఢం, శ్రావణం ఆ కొండల్లో గడ్డుకాలం. పాతగింజ అయిపోతుంది, కొత్తగింజ ఇంకా కంకి వెయ్యదు. కొన్ని ఇళ్లల్లో మామిడి టెంకలు కూడా నిండుకుంటాయి. ఉన్నవాళ్లు లేనివాళ్లకి పెడదామన్నా లేనివాళ్లు పుచ్చుకోరు. అక్కడి పద్ధతి అది. గింజ తీసుకుంటే పని చెయ్యాలి. ఊరికే తినడం పరువు తక్కువ. ఆనందమ్మ కాపురానికొచ్చిన కొత్తలో తెలియక ముసలి సోములమ్మకి ఒక పళ్లెం పిండి పట్టుకెళ్లి ఇచ్చింది. సోములమ్మ ఆ మర్నాడు మోపు కట్టెలు మోసుకొచ్చి పడేసి, సందెదాకా రోకలి పట్టుకుని దంచి, చీకటిపడ్డాక తూలుకుంటూ ఇంటికి పోయింది. ఆ పళ్లెం పిండికన్నా ఆ రోజు ఆవిడ ఖర్చుపెట్టిన ఒంట్లో సత్తువే ఎక్కువ. అప్పటినుంచీ ఆనందమ్మ ఎవరికీ ఏమీ ఇవ్వడానికి సాహసించలేదు. ఇవ్వడమంటే చాకిరీ చేయించుకోవడమే మరి.

ఈ ఏడు ఆవిడకి ఇంకో దిగులు పట్టుకుంది. ఇంట్లో చోళ్ల గాదె రోజురోజుకీ దిగిపోతోంది. ఎలకలా అని చూస్తే ఎలకలు కాదు. మొగుడు.

"ఏవండీ, గాదెలో సోళ్లేవండీ?"

"ప్రయోగంలో ఖర్చయ్యాయి."

"పిండి మూటలు కట్టుకుని ఎల్తన్నారు, కాళీ గుడ్డతో వొత్తన్నారు. కాచి పారబోత్తన్నారా ఏటి? ఆకాశానికి అంబలి పోత్తారా?"

"పారబొయ్యడమా! ఒక్క చుక్క కూడా వృథా కాదు. శాస్త్రం, ఆనందం, శాస్త్రం!"

"మీ శాస్తరానికి అగ్గెట్ట! ఇలాగైతే మనమే టెంకల పిండి తాగాల."

"తాగుదాం. దాని చిక్కదనం కూడా చూడాలి," అన్నారు మాస్టారు ఉత్సాహంగా. అలాంటి మనిషితో ఎవరైనా ఏం పోట్లాడగలరు? రోజూ తెల్లవారగానే ఆయన బడి దిబ్బ మీద నిలబడి ఊరి కప్పులకేసి కళ్లు చికిలించి చూసేవారు. ఆకాశం చూస్తున్నారనుకుని ఆవిడ పళ్లు నూరుకునేది.

శ్రావణంలో ఒకనాడు కుండపోతగా వాన. గుర్రం సకిలించింది. ఆనందమ్మ తొంగి చూస్తే స్తెఫను గారు! కబురు లేదు, కాకరకాయ లేదు, డుంబ్రిగుడ నుంచి తడుస్తూ దిగబడ్డారు. బళ్లో పిల్లలు తమంతట తామే ఎక్కాలు చదువుకుంటున్నారు.

"మాస్టారేరీ?"

"కొలవడానికెళ్లినాడు!" అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

"కడుపునొప్పండి," అని ఆనందమ్మ అడ్డుపడింది. "ఆకు పసరు కోసం ఎల్లారండి. అడివిలోకండి. శానా దూరమండి."

"ఏ వైపు?" అన్నారు స్తెఫను గారు పిల్లలకేసి చూసి. చేతులన్నీ లేచి ఎదురుగా ఉన్న సోములమ్మ గుడిసెను చూపించాయి. నిజం చెప్పాలని వాళ్లకి నేర్పింది మాస్టారే.

స్తెఫను గారు గొడుగు విప్పి పెద్ద పెద్ద అంగలతో నడిచారు. వెనక ఆనందమ్మ బురదలో పడుతూ లేస్తూ, గొంతు చించుకుని దగ్గుతూ పరిగెత్తింది. దగ్గు విని మొగుడు పుల్ల దాస్తాడని ఆవిడ ఆశ. వాన చప్పుడులో ఆ దగ్గు ఆవిడకే వినబడలేదు. ఇద్దరూ చూరు కిందికి చేరేసరికి లోపలినుంచి మాస్టారి గొంతు ఖంగుమంది.

"డెబ్బై! నిన్నా డెబ్బయ్యే! సోములమ్మా, ఆకాశం పాడైపోయిందే!"

"ఓలమ్మో, పాడైపోనాదా?"

"పైన పొర పలచబడిపోయింది. కలకత్తా నోరు మూతపడింది. ఇంక ప్రయోగం చెయ్యకపోతే లాభం లేదు. ఇదుగో చోడిపిండి. చిక్కగా కాయాలి. పల్చగా కాశావో, లెక్క మొత్తం తప్పుతుంది. మనవరాళ్లిద్దరూ వేడిగా ఉండగా కొంత తాగాలి, చల్లారాక కొంత తాగాలి. ఏది కడుపులో బరువుగా ఉందో నాకు చెప్పాలి. నువ్వు ముందొక దొప్ప, ఆఖర్నొక దొప్ప."

"నానేల? గుంటలు తాగితే సాలదా?"

"చాలదు. ముసలి కడుపు లెక్క వేరు, పిల్లల కడుపు లెక్క వేరు. చూడు, ఇది తిండి కాదు, పని. పనిలో తేడా రాకూడదు."

"పనైతే సేత్తాను. ఊరికే తిండైతే నానొల్లను."

"నీకు తిండెవరు పెడుతున్నారు! నాకంత జాలిగుండె లేదు. మిగిలిన పిండి రేపటి ప్రయోగానికి. మర్చిపోయి దాచుకునేవు!"

చూరునీళ్లు ఆనందమ్మ నెత్తి మీద ధారగా పడుతున్నాయి. ఆవిడకి ఆ తడే తెలియడం లేదు. పొద్దున్నే ఆయన దిబ్బ మీదినుంచి చూసేది ఆకాశాన్ని కాదు, ఏ కప్పులోంచి పొగ రావడం లేదోనని చూస్తున్నారు. వేడి కోసం పడి చచ్చే మనిషికి పొయ్యి వెలగని ఇంట్లో ఏం పని? ఇన్నాళ్లూ ఆవిడకి ఆ మాట తట్టనేలేదు. ఒక్కసారిగా ఆవిడకి మొగుడి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, లోపలికెళ్లి నాలుగు తిట్టాలనిపించింది.

ఆవిడకంటే ముందు స్తెఫను గారు దూరారు. "బర్నబా!"

మాస్టారు అదిరిపడ్డారు. పుల్ల చేతిలోంచి జారి, పొయ్యి రాయికి తగిలి భళ్లుమంది. పాదరసం వెండిపూసలై నేల మీద దొర్లింది.

"ముట్టుకోకండి, విషం!" అని మాస్టారు పిల్లల్ని ఎత్తి మంచమెక్కించి, ఆకుతో పూసల్ని ఊడ్వసాగారు. ఉద్యోగం పోతున్న మనిషిలాగా లేరు. ఇంట్లో సొంత మనిషి పడిపోయినట్టున్నారు.

"పోయినసారి నేనేం చెప్పాను?" అన్నారు స్తెఫను గారు.

మాస్టారు నోరు విప్పేలోగా సోములమ్మ వాళ్లిద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. ఇన్‌స్పెక్టరు గారి రొమ్ముదాకా కూడా లేదు.

"ఎవులు బాబూ నువ్వు?"

"నేను ఇన్‌స్పెక్టరుని."

"అయితే మంచికాలంలో వొచ్చినావు, పని సూద్దువుగాని. నానీ ఇంట్లో, గాసి ఆ పక్కింట్లో, మంగ్లు పెళ్లాం ఆ దిగువన, అందరం ఆకాశం పనే సేత్తన్నాం. మొన్న సిక్కటంబలి తాగినాం. పొర కొంచెం గట్టిపడినాది. నడినెత్తిన ఇంకా బొక్కున్నాది. ఇయ్యాల తాగితే పూడిపోద్ది."

"బొక్క ఉందని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవులు సెప్పాల? నానే సూసినాను. ఆకలేత్తే నేలకేసి సూత్తాం. కడుపు నిండితే గదా, ఆకాశమొకటున్నాదని తలెత్తేది."

స్తెఫను గారు చల్లటి పొయ్యిని చూశారు. మంచం మీద ముడుచుకుని పిండిమూటకేసే చూస్తున్న ఇద్దరు ఆడపిల్లల్ని చూశారు. ఆకుతో నేల ఊడుస్తున్న తన పంతుల్ని చూశారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ తగిలించుకుని గొంతు సవరించుకున్నారు.

"బర్నబా, ఆ పుల్లేదీ?"

"విరిగిపోయింది సార్."

"అంటే కుండలో పుల్ల నాకు కనబడలేదు. కనబడినవి నేల మీద ముక్కలు. ముక్కల గురించి నేను పోయినసారి ఏమీ అనలేదు."

"అనలేదు సార్," అంది ఆనందమ్మ గుమ్మంలోంచి, తనే పంతులైనట్టు.

"ఈ పని సంగతి నాకు ముందే చెప్పొచ్చు గదయ్యా?"

"చెబితే పని కాకుండా పోతుంది సార్," అన్నారు మాస్టారు తల దించుకుని.

స్తెఫను గారు తలాడించారు. డుంబ్రిగుడ మిషను కొట్టులో చోళ్ల బస్తాలున్నాయనీ, శాస్త్రం నిమిత్తం ఒకటి గుర్రం మీద పంపిస్తాననీ చెప్పి, నవ్వు రాకుండా మీసం పట్టుకుని బయటికి నడిచారు.

ఆనందమ్మ కూడా కదలబోతుంటే సోములమ్మ కొంగు పట్టుకుని చెవిలో గుసగుసలాడింది. "మేస్టారమ్మా, మీ ఆయన మంచోడే గాని అబద్ధమాడ్డం బొత్తిగా రాదు. కుండ సల్లగున్నాదంటే పొయ్యి మీద ఎక్కనేదని అర్థం. దానికి ఆకాశమేల? ఊరందరికీ తెలుసు. పోన్లే, పాపం ఆశపడి వొత్తన్నాడని తాగుతన్నాం. ఆయనకి సెప్పకు."

ఆ సందెవేళ స్తెఫను గారు కంచుగిన్నె ముందు కూర్చున్నారు. గిన్నెలో ఆవాలు పేలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మాస్టారు మాటిమాటికీ తలపాగా మీదికి చెయ్యి పోనిచ్చి, అక్కడ పుల్ల లేక, ఉసూరుమని దించుకుంటున్నారు. ఆఖరికి పేలుళ్ల మధ్య ఆడగొంతు ఒక్క చరణం పాడి మాయమైంది. ఇన్‌స్పెక్టరు గారు గిన్నెని కావలించుకున్నంత పని చేశారు. "చిక్కబడిందయ్యా! బర్నబా, పొర చిక్కబడింది!" అని కేకేశారు. ఆయనకీ అంటుకుందని ఆనందమ్మకి అప్పుడే అర్థమైంది.

స్తెఫను గారు పడుకున్నాక ఆవిడ మొగుణ్ణి అడిగింది. "నిజం సెప్పండి. ఆ ఆకాశం, పొరలు, నలుసులు అంతా మీరు కట్టిన కతేనా?"

మాస్టారు దెబ్బ తగిలినట్టు చూశారు. "ఎంత మాట! ఆకాశం సంగతి అక్షరాలా నిజం. అంబలి సంగతే కొంచెం..." అని ఆగి, గోడవైపు తిరిగారు. "కొత్త పుల్ల మద్రాసునుంచి రావాలి. వానలు వెలిసేదాకా రాదు. రేపు గాసి ఇల్లు. వాడి పొయ్యి వెలగలేదు, చూశాను. చేతిలో పుల్ల లేకుండా పిండి పట్టుకెళితే అది దానమవుతుంది. గాసి తలుపేసుకుంటాడు. పస్తైనా ఉంటాడు గానీ తీసుకోడు."

తెల్లవారాక మాస్టారు లేచేసరికి పక్కన ఆనందమ్మ లేదు, గాదె మూత తెరిచి ఉంది.

గాసి ఇంటి ముందు ఆనందమ్మ వానలో నిలబడి ఉంది. కొంగు కింద పిండిమూట ఉంది. ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించింది. ఏమీ తట్టలేదు. గాసి తలుపు తీశాడు. వెనక చిన్నమ్మి.

"ఏటి మేస్టారమ్మా, ఇంత పొద్దున?"

"నేను..." అంది ఆనందమ్మ. "నేను భూమిని సూడ్డానికొచ్చాను."

"భూమినా?"

"ఆకాశం ఆయనది. భూమి నాది."

"భూమికేటైనాది?"

"తేలికైపోనాది," అంది ఆనందమ్మ. ఒకసారి నోట్లోంచి వచ్చాక ఇంక ఆగలేదు. "ఈ వానలకి మన్నంతా కొట్టుకుపోయి కొండ తేలికైపోనాది. ఊళ్లో మనుసులు బరువుగా కూకోకపోతే కొండ లేచిపోద్ది. బొబ్బిలి మీద పడద్ది. మా అమ్మోలక్కడ ఉన్నారు."

గాసి కొండ శిఖరానికేసి చాలాసేపు గంభీరంగా చూశాడు. మెడ మీద చెయ్యి వేసుకుని ఆలోచించాడు. చిన్నమ్మి అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిజమే మేస్టారమ్మా. రాత్రి కొంచెం కదిలినట్టే అనిపించినాది. మరేటి సెయ్యాల?"

"తినాల. కడుపు నిండా తిని కదలకుండా కూకోవాల. కట్టం పనే, నాకు తెలుసు."

"ఊరికోసం సేత్తాం," అన్నాడు గాసి. "ఒలే, పొయ్యి ఎలిగించు. బేగి! కొండ లేచిపోతన్నాదంట!"

ఆనందమ్మ బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని, చిన్నపిల్లలాగా గెంతుకుంటూ ఇంటికొచ్చింది. మాస్టారు గుమ్మంలో ఎదురొచ్చారు. ఆవిడ జరిగిందంతా చెబితే ఆయన మొహం పాలిపోయింది.

"ఆనందం! కొండ లేచిపోవడమేమిటి? అది శుద్ధ తప్పు! శాస్త్రం ఒప్పుకోదు!"

"అలాగే గాని, వాళ్లు తినీసినాక ఎల్లి తప్పని సెప్పండి," అంది ఆనందమ్మ. "ముందు దిబ్బెక్కి సూడండి, ఇంకా ఏ కప్పులోంచి పొగ రాలేదో."